మచ్చ కింద బొగ్గు

చంద్రాపూర్ జిల్లా మాజ్రిలోనో, దాని పక్క ఘుగ్గుస్‌లోనో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి చెయ్యి ఒకసారి వెలుతురులో చూడండి. మెటికల మీద, ముంజేతి మీద, కొందరికి నుదుటి మీద సన్నని నీలిగీతలు కనబడతాయి. చూడగానే పచ్చబొట్టు అనుకుంటాం. కానీ ఎవరూ కోరి పొడిపించుకున్నది కాదు. బొగ్గు పెళ్ళ కోసుకుపోయిన చోట, పొడి లోపల ఉండగానే పైన చర్మం మూసుకుపోతే పడే గుర్తు అది. లోపలి పొడి నలుపే, దాని మీదున్న చర్మపు మందం వల్ల బయటికి నీలంగా కనిపిస్తుంది. ఇంగ్లండు గనుల వాళ్ళకూ ముక్కు మీదా నుదుటి మీదా ఇవే గీతలుండేవని జార్జ్ ఆర్వెల్ 1937లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఏ దేశపు బాయి అయినా చేతి మీద చేసే సంతకం ఒకటే.

మాజ్రి మనకు దూరపు ఊరేమీ కాదు. కాజీపేట నుంచి బల్లార్షా మీదుగా నాగపూర్ వైపు పోయే రైలుదారిలో జంక్షను అది. ఆదిలాబాద్ నుంచి పింపల్‌ఖుటి మీదుగా వచ్చే లైను అక్కడే కలుస్తుంది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఆ చుట్టుపక్కల గనులను మాజ్రి ఏరియా పేరుతో నడుపుతోంది. ఇదే జిల్లాలోని రాజురా తాలూకా రాష్ట్రాల పునర్విభజన దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఈ బొగ్గు ఊళ్ళలో మరాఠీ, హిందీలతో పాటు తెలుగూ వినబడుతుంది. కింద ఉన్న రాయికైతే రాష్ట్రాల సంగతే తెలియదు. వార్ధా లోయ బొగ్గూ, గోదావరి లోయలో సింగరేణి తవ్వే బొగ్గూ రెండూ గోండ్వానా పొరలవే, దాదాపు ఒకే యుగంలో పడ్డవే.

మళ్ళీ ఆ నీలిగీత దగ్గరకు వద్దాం. ఇన్నేళ్ళయినా బొగ్గుపొడి అక్కడే ఎందుకుంది? గాయంలో పడ్డ చెత్తను మింగేసే భక్షక కణాలు చర్మం కింద ఎప్పుడూ కాపు కాస్తుంటాయి. శాస్త్రంలో వాటి పేరు మాక్రోఫేజ్‌లు. బాక్టీరియా దొరికితే మింగి అరిగించేసుకుంటాయి. బొగ్గు అరగదు. దాన్ని మింగిన కణం కొన్నాళ్ళకు చచ్చిపోతుంది, పొడి బయటపడుతుంది, పక్కనున్న ఇంకో కణం దాన్ని మింగుతుంది. ఎలుకల తోకల మీద పచ్చబొట్టు పొడిచి ఫ్రాన్స్‌లోని మార్సేయి పరిశోధకులు 2018లో చూపించింది ఇదే. రంగు ఒకే కణంలో తిష్ఠ వేసుకుని ఉండడం లేదు, కణం నుంచి కణానికి చేతులు మారుతోంది. ఈ చేతులు మారడం గుర్తుంచుకోండి. చర్మంలో దీనివల్ల గీత మిగులుతుంది, అంతకు మించి నష్టం లేదు. ఊపిరితిత్తిలో సంగతి వేరు.

పొడిని లోపల వదిలేసి పైన చర్మాన్ని మూసిన పనివాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ అధ్యాయం వాళ్ళలో ఒకరి గురించి, ఒక ప్రోటీన్ గురించి. ఆ ప్రోటీన్ పేరు ఫైబ్రోనెక్టిన్. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎఫ్ఎన్1, మనిషి రెండో క్రోమోజోము మీద ఉంటుంది. జన్యువు ఒక్కటే. దాన్నుంచి వచ్చే ప్రతులు మాత్రం మనిషిలో 20 రకాల దాకా ఉంటాయి. మామూలు రోజుల్లో ఒక రకం ప్రతి, దెబ్బ తగిలిన రోజు ఇంకో రకం. ఆ రెండో రకం రావలసిన చోట రాకపోయినా చిక్కే, వచ్చాక వెళ్ళిపోకపోయినా చిక్కే. నా మటుకు నాకు రెండో చిక్కే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. ఎందుకంటే బొగ్గు ఊళ్ళకు చుట్టుకున్నది అదే.

ఫైబ్రోనెక్టిన్ మొదట కనబడింది గాయంలో కాదు, రక్తంలో. 1948లో అమెరికాలో మారిసన్, ఎడ్సాల్, మిల్లర్ అనే ముగ్గురు రక్తంలోని ప్రోటీన్లను వేరు చేస్తుంటే, చల్లబరిస్తే అడుగుకు దిగే పదార్థం ఒకటి తగిలింది. దాని పనేమిటో తెలియలేదు కాబట్టి, చల్లదనంలో కరగని ప్రోటీన్ అని దాని గుణాన్నే పేరుగా పెట్టారు. అది లీటరు ప్లాస్మాలో సుమారు 0.3 గ్రాములు ఉంటుంది. పెద్దమనిషి ఒంట్లో తిరిగే ప్లాస్మా మొత్తం లెక్క చూసుకుంటే ఒక గ్రాముకు కాస్త తక్కువ. దీన్ని తయారుచేసి రక్తంలోకి వదిలేది కాలేయం.

పాతికేళ్ళ తరవాత కథ ఇంకో దారిలో నడిచింది. 1973లో రిచర్డ్ హైన్స్ అనే శాస్త్రవేత్త కణాల ఉపరితలం మీద ఉండే ఒక పెద్ద ప్రోటీన్‌ను గమనించాడు. మామూలు కణాల మీద ఉంటుంది, క్యాన్సరు కణంగా మారగానే పోతుంది. అది పోతే కణం పక్కవాటిని పట్టుకోలేదు. అది కణాల చుట్టూ సన్నని దారాలుగా అల్లుకుని ఉంటుంది. కొన్నాళ్ళకు తేలిందేమిటంటే, 1948 నాటి రక్తపు ప్రోటీనూ ఈ దారాల ప్రోటీనూ చాలామటుకు ఒకటే. మరి ఒకటే అయితే రక్తంలో హాయిగా కరిగి తిరిగేది, కణం దగ్గర కరగని దారంగా ఎందుకు అల్లుకుంటోంది? రెండింటి బరువులోనూ చిన్న తేడా ఉంది. రెండు జన్యువులున్నాయా అని వెతికారు. ఒకటే ఉంది.

జవాబు 1983లో దొరికింది. జన్యువులో సమాచారం ఒకే ముక్కగా ఉండదు. పనికొచ్చే ముక్కల మధ్య పనికిరాని పొడుగాటి అక్షరాల వరసలు దూరి ఉంటాయి. ఈ సంగతిని 1977లో రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌ల ప్రయోగశాలలు వేర్వేరుగా కనిపెట్టాయి, వాళ్ళిద్దరికీ 1993లో నోబెల్ వచ్చింది. పనికొచ్చే ముక్కలు ఎక్సాన్లు, మధ్యలోవి ఇంట్రాన్లు. కణం ముందు మొత్తాన్నీ ఆర్ఎన్ఏగా నకలు తీస్తుంది. తరవాత ఇంట్రాన్లను కత్తిరించి పారేసి ఎక్సాన్లను అతుకుతుంది. ఎఫ్ఎన్1 జన్యువు పొడుగు సుమారు 75 వేల అక్షరాలు. అతుకులన్నీ అయ్యాక మిగిలే ప్రతి 8 వేల అక్షరాలు. అంటే రాసినదాంట్లో పదో వంతు ఉంచుకుని మిగతాది పారేస్తోంది.

కత్తిరించేటప్పుడు ప్రతిసారీ ఒకే ముక్కల్ని అతకాలన్న నియమం లేదు. హైన్స్ ప్రయోగశాలలో ష్వార్ట్స్‌బావర్, టమ్‌కన్ తదితరులు ఎలుక కాలేయంలో ఫైబ్రోనెక్టిన్ ప్రతులు మూడు రకాలుగా ఉన్నాయని చూపారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆక్స్‌ఫర్డ్‌లో అర్జెంటీనా శాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో బరాల్యే దగ్గర పనిచేస్తున్న ఆయన దేశస్థుడు అల్బెర్తో కోర్న్‌బ్లిట్ మనిషి జన్యువులో ఒక ఎక్సాన్ కొన్ని ప్రతుల్లో ఉండి, కొన్నింటిలో లేకపోవడం గమనించాడు. దాన్ని అదనపు భాగం ఏ అన్నారు, పొట్టిగా ఈడీఏ. తరవాత ఇంకోటి బయటపడింది, ఈడీబీ. కాలేయం తయారుచేసి రక్తంలోకి పంపే ప్రతిలో ఈ రెండూ ఉండవు. కణాలు తమ చుట్టూ అల్లుకునే దానిలో ఉండొచ్చు.

ఈడీఏ ఎక్సాన్ పొడుగు 270 అక్షరాలు. ఆ అంకె ఎందుకు చెబుతున్నానంటే, కణం ప్రోటీన్ తయారుచేసేటప్పుడు ఆర్ఎన్ఏను మూడేసి అక్షరాలుగా చదువుతుంది, మూడు అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం. 270ని మూడుతో భాగిస్తే 90, శేషం లేదు. కాబట్టి ఈ ముక్కను పెట్టినా తీసేసినా దాని తరవాత ఉన్న భాగం అర్థం చెడదు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అక్కణ్ణుంచి అంతా తప్పుగా చదువుకుపోయి ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోయేది. ఈడీబీ పొడుగు 273, అదీ శేషం లేకుండా పోతుంది, 91 అమైనో ఆమ్లాలు. పెట్టడానికీ తీయడానికీ వీలుగా ఉన్న ముక్కలివి.

ప్రోటీన్‌గా తయారయ్యాక ఫైబ్రోనెక్టిన్ రెండు పొడుగాటి పోగులు తోక దగ్గర ముడిపడ్డట్టు ఉంటుంది. ఒక్కో పోగులో చిన్న చిన్న గుళ్ళు వరసగా ఉంటాయి. ఒక గుంపు రక్తపు గడ్డలో ఉండే ఫైబ్రిన్‌ను పట్టుకుంటుంది, ఒకటి కొల్లాజన్ అనే పీచు ప్రోటీన్‌ను, ఒకటి కణాలను. కణాలు పట్టుకునే చోటు ఎంత చిన్నదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మూడే మూడు అమైనో ఆమ్లాలు. 1984లో కాలిఫోర్నియాలో పీర్ష్‌బాకర్, రువోస్లాటి తేల్చిన విషయమిది. ఆ మూడింటిని పట్టుకునే కణం వైపు చేతుల పేరు ఇంటిగ్రిన్లు. వాటిని కనిపెట్టినందుకే 2022లో హైన్స్, రువోస్లాటి, తిమోతీ స్ప్రింగర్‌లకు లాస్కర్ బహుమతి ఇచ్చారు. రక్తంలో తిరిగేటప్పుడు ఫైబ్రోనెక్టిన్ ముడుచుకుని ఉంటుంది. ఇంటిగ్రిన్ పట్టుకుని లాగినప్పుడే సాగి, పక్కదానితో అల్లుకుని దారమవుతుంది. దారం కావడానికి లాగుడు కావాలి, ఒట్టినే కలిసి ఉంటే సరిపోదు. ఇది లేకుండా ఒళ్ళే తయారు కాదు. ఎఫ్ఎన్1 జన్యువునే పూర్తిగా తీసేసిన ఎలుకల పిండాలు కడుపులోనే చనిపోయాయని 1993లో హైన్స్ బృందమే చూపింది.

ఇక మాజ్రిలో ఒకాయనకు బొగ్గు పెళ్ళ తగిలిందనుకుందాం. రక్తం కారింది, గడ్డ కట్టింది. గడ్డలో ఉండేది ఫైబ్రిన్ దారాలు. రక్తంలో తిరుగుతున్న ఫైబ్రోనెక్టిన్‌ను ఆ దారాలకు కుట్టేసే ఎంజైము ఒకటి ఉంది, రక్తం గడ్డ కట్టడంలో పదమూడో కారకం. అంటే దెబ్బ తగిలిన క్షణంలో పనికొచ్చేది కాలేయం పంపిన, ఈడీఏ లేని రకమే. ఆ గడ్డ ఒక తాత్కాలిక సపోర్టు. బాయిలో బ్లాస్టింగ్ అయ్యాక, పక్కా సపోర్టు వేసేదాకా పైకప్పు జారకుండా ముందు దుంగలు నిలబెడతారు చూడండి, అది. వాటి ఆసరాతో లోపలికి వెళ్ళిన మనుషులు అసలు పని చేస్తారు. ఇక్కడ లోపలికి వెళ్ళేవి ఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలు. అవి గడ్డలోకి పాకి అక్కడ సొంత ఫైబ్రోనెక్టిన్ తయారు చేస్తాయి. ఈసారి తీసే ప్రతి వేరు.

1989లో హైన్స్ ప్రయోగశాల వాళ్ళు తోటి పరిశోధకులతో కలిసి పెద్ద ఎలుకల చర్మం మీద గాయం చేసి, ఏ కణంలో ఏ ప్రతి ఉందో వెతికారు. మామూలు చర్మంలో దాదాపు కనబడని ఈడీఏ, ఈడీబీ ఉన్న ప్రతులు గాయం అడుగున దండిగా ఉన్నాయి. అవి ముందెక్కడ కనబడ్డాయంటే పిండంలో. కడుపులో బిడ్డ ఒళ్ళు తయారయ్యేటప్పుడు వాడే రకాన్ని పెద్ద ఒళ్ళు గాయం దగ్గర మళ్ళీ బయటికి తీస్తోందన్నమాట. అందులోని తొందర 1994 నాటి కాలేయం పరిశోధనలో తెలుస్తుంది. ఎలుకకు పిత్తనాళం ముడివేస్తే, 12 గంటల్లోనే కాలేయంలోని రక్తనాళపు కణాలు ఈడీఏ ఉన్న ఫైబ్రోనెక్టిన్ తీయడం మొదలుపెట్టాయి. మచ్చ కట్టే కణాలు ఇంకా రంగంలోకి దిగకముందే.

కణానికి ఏ ముక్క ఉంచాలో, ఏది తీయాలో ఎవరు చెబుతారు? జన్యువులో రాత మారదు కదా. జవాబులో కొంత ఆర్ఎన్ఏను అంటిపెట్టుకునే ప్రోటీన్లది. ఈడీఏ ఎక్సాన్‌లోనే ఒక చిన్న వరస ఉంది, దాన్ని కొన్ని ప్రోటీన్లు పట్టుకుంటే ముక్క ఉండిపోతుంది. మిగతా జవాబు మాత్రం ఎవరూ ఊహించనిది. కోర్న్‌బ్లిట్ 1984లో అర్జెంటీనాకు తిరిగి వెళ్ళి బ్వేనోస్ ఐరేస్‌లో ఈ ఒక్క ఎక్సాన్ మీదే దశాబ్దాలు పనిచేశాడు. ఆర్ఎన్ఏ నకలు తీయడమూ కత్తిరించడమూ ఒకదాని తరవాత ఒకటి జరిగే పనులు కావనీ, నకలు ఇంకా బయటికి వస్తుండగానే కత్తిరింపు మొదలవుతుందనీ ఆయన బృందం గట్టిగా వాదించింది. ఈడీఏ ముందున్న కత్తిరింపు గుర్తు బలహీనం, దాని తరవాత వచ్చే ఎక్సాన్ గుర్తు బలమైనది. నకలు తీసే ఎంజైము వేగంగా పోతే రెండు గుర్తులూ దాదాపు ఒకేసారి బయటపడతాయి, బలమైనదే గెలుస్తుంది, ఈడీఏ కత్తిరింపులో పోతుంది. ఎంజైము నెమ్మదిస్తే బలహీనమైన గుర్తుకు పోటీ లేని కాస్త సమయం దొరుకుతుంది, ఈడీఏ మిగులుతుంది. 2003లో నెమ్మదిగా నడిచే ఎంజైమును కణాల్లో పెట్టి చూస్తే నిజంగానే ఈడీఏ ఉన్న ప్రతులు పెరిగాయి. ఒక ప్రోటీన్‌లో ఏ భాగం ఉండాలన్నది రాతగాడి వేగం మీద ఆధారపడడం! జీవశాస్త్రంలో నాకు నచ్చిన సంగతుల్లో ఇది పైవరసలో ఉంటుంది.

ఇంతకూ ఆ 90 అమైనో ఆమ్లాలు గాయంలో ఏం చేస్తాయి? గాయం మూసుకోవాలంటే అంచులు దగ్గరికి లాగాలి. ఆ పని చేసేవి కండరంలా ముడుచుకోగల ఫైబ్రోబ్లాస్ట్‌లు, వాటిని 1971లో జ్యూలియో గబ్బియాని బృందం గుర్తించింది. పేరు మయోఫైబ్రోబ్లాస్ట్‌లు. మామూలు ఫైబ్రోబ్లాస్ట్ ఇలా మారడానికి టీజీఎఫ్ బీటా అనే సంకేత ప్రోటీన్ కావాలి. అదొక్కటే చాలదని 1998లో అదే బృందం చూపించింది. చుట్టూ ఉన్న ఫైబ్రోనెక్టిన్‌లో ఈడీఏ కూడా ఉండాలి. ఈడీఏకు అడ్డం పెడితే టీజీఎఫ్ బీటా ఎంత పోసినా కణం మారలేదు. ఇంకో వైపు టీజీఎఫ్ బీటా తగిలిన కణం ఈడీఏ ఉన్న ప్రతులనే ఎక్కువ తీస్తుంది. ఒకటి ఇంకోదాన్ని పెంచుతుంది, అది మళ్ళీ మొదటిదాన్ని. గాయం మానే కొద్ది వారాల పాటు ఇలాంటి చక్రం తిరగడం మంచిదే. ఆ తరవాత మయోఫైబ్రోబ్లాస్ట్‌లు చచ్చిపోవాలి, ఈడీఏ తగ్గిపోవాలి, కొల్లాజన్ సర్దుకోవాలి. చర్మంలో ఎక్కువసార్లు అలాగే జరుగుతుంది. మిగిలేది మచ్చ.

ఈ ముక్క ఉండడమూ లేకపోవడమూ ఎంత ముఖ్యమో తేల్చడానికి బరాల్యే, ఆంద్రేస్ మురో బృందం రెండు రకాల ఎలుకలను తయారు చేసింది. వీళ్ళు పనిచేసింది ఇటలీలోని త్రియెస్తేలో, అంతర్జాతీయ జన్యు పరిశోధన కేంద్రంలో. దాని ఇంకో శాఖ మన ఢిల్లీలో ఉంది. ఒక రకం ఎలుకల్లో ఈడీఏ ఎప్పుడూ రాదు, ఇంకో రకంలో ఎప్పుడూ ఉంటుంది. రెండు రకాలూ మామూలుగానే పుట్టి పెరిగాయి. 2003లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, ఈడీఏ అసలు లేని ఎలుకల చర్మపు గాయాలు సరిగా మానలేదు, వాపు, పుండు. ఎప్పుడూ ఉండే వాటిలో ఒళ్ళంతా ఫైబ్రోనెక్టిన్ మొత్తమే తగ్గిపోయింది. రెండు రకాలూ మామూలు ఎలుకల కన్నా తక్కువ కాలం బతికాయి. ముక్క మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు. పెట్టవలసినప్పుడు పెట్టి తీయవలసినప్పుడు తీసే వీలే వాటికి లేకుండా పోయింది.

కాలేయం పంపే రక్తపు రకాన్ని తీసేస్తే ఏమవుతుందో కూడా చూశారు. 2001లో వచ్చిన ఆ ఫలితం తమాషాగా ఉంటుంది. చర్మం గాయం మామూలుగానే మానింది, రక్తస్రావం కూడా మామూలుగానే ఆగింది. మెదడుకు కాసేపు రక్తం ఆపినప్పుడు మాత్రం దెబ్బతిన్న మేర పెద్దదైంది. ఒకే జన్యువు నుంచి వచ్చే రెండు రకాల ఉపయోగం ఒళ్ళు పొడుగునా ఒకటే కాదు.

ఇప్పుడు ఊపిరితిత్తి. మనిషి ఊపిరితిత్తుల చివర 30 నుంచి 50 కోట్ల గాలిగదులుంటాయి. గాలికీ రక్తానికీ మధ్య గోడ మందం చాలాచోట్ల ఒక మైక్రాను కూడా ఉండదు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా సన్నం. పెద్ద దుమ్ము ముక్కులోనో గొట్టాల్లోనో ఆగిపోయి, షిఫ్టు దిగాక నల్లని కళ్ళెగా బయటికి వస్తుంది. బాయి మనుషులు దాన్ని చూసి భయపడరు. నిజానికి భయపడవలసింది బయటికి వచ్చేదాన్ని చూసి కాదు. సుమారు 5 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు గాలిగదుల దాకా పోతాయి. కంటికి కనబడవు, దగ్గు తెప్పించవు.

అక్కడ వాటిని మింగేది మళ్ళీ భక్షక కణమే. బొగ్గు రేణువైతే కణం ఎంతో కొంత ఓర్చుకుంటుంది. రాతి దుమ్ములోని స్ఫటిక సిలికాను ఓర్చుకోలేదు. సిలికా రేణువు కణం లోపలి సంచిని చింపేస్తుంది. అప్పుడు కణంలోని ప్రమాద ఘంట, ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీన్ల కూర్పు, మోగుతుంది. ఇది 2008లో రెండు మూడు ప్రయోగశాలల నుంచి ఒక్కసారే తేలింది. కణం చుట్టుపక్కల వాపు పుట్టించే సంకేతాలు వదిలి చచ్చిపోతుంది. రేణువు చెక్కుచెదరదు. ఇంకో కణం వచ్చి మింగుతుంది. పచ్చబొట్టులో చూసిన చేతులు మారడమే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతి మార్పూ ఒక కొత్త గాయం.

వార్ధా లోయలో బొగ్గు ఉండే బరాకర్ పొరల మీద కాంఠీ ఇసుకరాయి పరుచుకుని ఉంటుంది. ఇసుకరాయంటే ముప్పాతిక మటుకు సిలికాయే. ఓపెన్‌కాస్టులో బొగ్గు దాకా పోవాలంటే ముందు ఆ రాతినే డ్రిల్ చేసి, పేల్చి, డంపర్ల మీద ఎత్తి పోయాలి. అండర్‌గ్రౌండులో రాతిలోంచి దారి తొలిచేవాళ్ళు, పైకప్పులో బోల్టులు దిగగొట్టడానికి రంధ్రాలు వేసేవాళ్ళు అదే రాతి దుమ్ము పీలుస్తారు. బొగ్గు నల్లగా ఉంటుంది కాబట్టి నేరమంతా దాని మీదికి పోతుంది. తెల్లటి దుమ్మును ఎవరూ అంతగా పట్టించుకోరు.

1987లో అమెరికాలో విలియం రామ్, రొనాల్డ్ క్రిస్టల్ బృందం ఇలాంటి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చిన మనుషుల ఊపిరితిత్తులను ఉప్పునీటితో కడిగి, ఆ నీటిలో వచ్చిన భక్షక కణాలను పరీక్షించింది. వాళ్ళంతా పొగతాగని వాళ్ళే. కొందరు రాతినార, కొందరు బొగ్గు, కొందరు సిలికా దుమ్ములో పనిచేసినవాళ్ళు. ఆ కణాలు ఎవరూ ప్రేరేపించకుండానే ఫైబ్రోనెక్టిన్ కక్కుతున్నాయి. ఫైబ్రోబ్లాస్ట్‌లను పిలిచి పెంచే పదార్థాలూ వదులుతున్నాయి. పని మానేశాక కూడా లోపల మరమ్మతు సాగుతూనే ఉంది.

ఆ మరమ్మతులో ఈడీఏ పాత్ర ఎంతో 2008లో మురో బృందం ఎలుకల్లో కొలిచింది. వాడింది బొగ్గు కాదు, బ్లియోమైసిన్. క్యాన్సరు మందు అది, ఊపిరితిత్తుల మీద మచ్చ కట్టిస్తుంది, కాబట్టి ప్రయోగశాలల్లో ఆ జబ్బును తెప్పించడానికి వాడతారు. మామూలు ఎలుకల ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఈడీఏ లేని ఎలుకల్లో చెప్పుకోదగ్గ గట్టిదనం రాలేదు. టీజీఎఫ్ బీటా మేలుకోవడం కూడా తగ్గింది. చర్మంలో ఈడీఏ లేకపోతే గాయం మానదు, ఊపిరితిత్తిలో లేకపోతే మచ్చ కట్టదు. ఒకే ముక్క, ఒకే పని. చర్మం మీద మచ్చ కడితే మానిందంటాం, గాలిగది గోడ మీద కడితే ఊపిరి ఆడదు.

ఇదంతా తెలిశాక మందు ఏదని అడగడం సహజం. ప్రతిలో ఒక ఎక్సాన్‌ను పెట్టించే, తీయించే మందులు ఇప్పుడు నిజంగానే ఉన్నాయి. వెన్నుపాము కణాలు క్షీణించే ఎస్ఎంఏ అనే పిల్లల జబ్బులో, ఒక జన్యువు ఏడో ఎక్సాన్‌ను కణం పొరపాటున వదిలేస్తుంది. దాన్ని మళ్ళీ అతికించే ఇంజెక్షన్ మందు నుసినెర్సెన్‌కు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, నోటితో తాగే రిస్‌డిప్లామ్‌కు 2020లో వచ్చింది. ఆ రిస్‌డిప్లామ్‌ను హైదరాబాద్ కంపెనీ నాట్కో చవకగా తయారుచేసి అమ్మబోతే పేటెంటు ఉన్న రోష్ కోర్టుకెళ్ళింది. ఢిల్లీ హైకోర్టు, ఆ తరవాత సుప్రీంకోర్టు కూడా ఆపడానికి ఒప్పుకోకపోవడంతో 2025 అక్టోబరులో మన దేశపు మందు బజారులోకి వచ్చింది.

ఈడీఏ విషయంలో అంత సులువు కాదు. ఎస్ఎంఏలో లేని ముక్కను పెట్టాలి, పెడితే ఎక్కడున్నా మేలే. ఇక్కడ ఊపిరితిత్తిలో తీయాలి, చర్మంలో ఉంచాలి. ఒళ్ళంతా తీసేస్తే ఏమవుతుందో 2003 నాటి ఎలుకలు చెప్పాయి. కొందరు పరిశోధకులు ఇంకో దారి పట్టారు. ఈడీఏ పెద్దవాళ్ళలో జబ్బు ఉన్న చోటే దండిగా కనబడుతుంది కాబట్టి, దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీని తయారుచేసి, దానికి వాపు తగ్గించే ప్రోటీన్ తగిలించి, మందును తిన్నగా అక్కడికే పంపాలన్నది వాళ్ళ ఆలోచన. కీళ్ళవాతం ఉన్న రోగుల్లో దీన్ని పరీక్షించారు కూడా. ఊపిరితిత్తుల గట్టిదనానికి ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడే పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేస్తాయి, కట్టిన మచ్చను కరిగించవు.

రేణువు లోపల ఉన్నంతకాలం కణాలు చస్తూనే ఉంటాయి, సంకేతాలు వెళుతూనే ఉంటాయి. అందుకే సిలికా జబ్బు పని మానేశాక కూడా ముదురుతుంది, కొందరికి మొదటిసారి ఎక్స్‌రేలో కనబడేదే రిటైరయ్యాక. కంపెనీ పరీక్షలు అప్పటికి అయిపోయి ఉంటాయి. మాజ్రి నుంచి సామాను సర్దుకుని కరీంనగర్ వైపో ఆదిలాబాద్ వైపో సొంతూరికి చేరినాయన ఆయాసంతో దగ్గర్లోని ఆసుపత్రికి పోతాడు. ఎక్స్‌రేలో పైభాగాన చుక్కలు చూసి టీబీ అనుకోవడం మామూలే, పైగా సిలికా ఉన్న ఊపిరితిత్తికి టీబీ రావడం కూడా ఎక్కువే, కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. కళ్ళె పరీక్ష చేయించాల్సిందే. దానితో పాటు చీటీ మీద పేరు, వయసు రాశాక ఇంకో రెండు మాటలు రాసుకోవాలి: ఏ బాయి, ఏ పని. ఫిల్లరా, డ్రిల్లరా, ఎన్నేళ్ళు బొగ్గులో, ఎన్నేళ్ళు రాతిలో. ఆ వివరం లేని ఎక్స్‌రేను సగమే చదవగలం.